‘ఆరెంజ్ ఆర్మీ’ అంటే నాకు చిరాకు, మా అబ్బాయికి గర్వం. ఇద్దరిలో ఎవరిది సబబు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2009లో డెక్కన్ చార్జర్స్ కప్పు గెలిచిన రాత్రి నుంచి మీరు హైదరాబాద్ జట్టునే అంటిపెట్టుకుని ఉన్నారు. సన్‌రైజర్స్ వచ్చాక అభిమానులందరినీ కలిపి ‘ఆరెంజ్ ఆర్మీ’ అనడం మీకు నచ్చదు. సరుకు మీద అంటించిన చీటీలా ఉందంటున్నారు. పన్నెండేళ్ల మీ అబ్బాయి మాత్రం ఉప్పల్ మ్యాచ్‌కు అదే పేరుతో బ్యానరు రాస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. మిగతా జట్ల అభిమానులకూ ఇలాగే ఉంటుందా, ఈ పేర్లు ఎవరు పెడతారు, నచ్చకపోతే మార్చుకోవచ్చా అని అడిగారు.

నేను ఒక తెలుగు దినపత్రిక క్రీడా విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ భాగం రాత్రి డ్యూటీ. ప్రపంచంలో ఎక్కడ ఏ జట్టు ఓడినా, దాని అభిమానులను తెలుగులో ఏమని రాయాలో అర్ధరాత్రి పూట తేల్చవలసింది నేనే. అందువల్ల ఈ విషయంలో నాకు అభిప్రాయాలు కాస్త ఎక్కువ. ఓపిక పట్టండి.

ముందు మీ చిరాకు సంగతి. అది చాలాకాలం నాది కూడా. 2013లో సన్‌రైజర్స్ మొదటి సీజన్ ఆడుతున్నప్పుడు ఆ పేరును తెలుగు చేయడానికి మా డెస్కులో పడిన తంటాలు అన్నీ ఇన్నీ కావు. కొత్తగా చేరిన కుర్రాడు ‘నారింజ సేన’ అని శీర్షిక పెట్టాడు. చదివితే కొత్తపేట పండ్ల మార్కెట్‌లో ఏదో గొడవ జరిగినట్టుంది. ఇంకొకరు ‘కాషాయ దళం’ అన్నారు. మా ఇన్‌చార్జి కళ్లజోడు పైకి తోసుకుని, ‘‘ఇది ఆటల పేజీ నాయనా, ఎన్నికల పేజీ కాదు’’ అన్నారు. పోనీ ‘కమలా రంగు’ అందామంటే అదీ తిరిగి తిరిగి ఆ వీధికే చేరుతుంది. పేజీ వెళ్లిపోవలసిన వేళ దాటుతుంటే చివరికి ‘ఆరెంజ్ ఆర్మీ’ అనే వేసి చేతులు దులుపుకున్నాం. తెలుగులో ఎటు తిప్పినా ఒదగని పేరు తెలుగువాళ్ల గ్యాలరీలో పుట్టి ఉండదని ఆ రాత్రి అనిపించింది. కొలతలు తీసుకోకుండా కుట్టిన చొక్కా అది.

అయితే అభిమానులకు తమ పేరు మీద ఉండే ప్రేమకూ, ఆ పేరు బాగుండడానికీ పెద్దగా సంబంధం లేదు. ప్రాణంగా చూసుకునే పేర్లలో చాలా వాటి పుట్టుక తిట్టులోనే ఉంది. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు గల కుటుంబాలు పది ఉంటే, గుర్తు కోసం ఊరు ఒక్కో ఇంటికి ఒక్కో వెక్కిరింపు పేరు తగిలిస్తుంది. తాత ఆ పేరు పెట్టి పిలిచినవాడితో పోట్లాడతాడు, తండ్రి విని ఊరుకుంటాడు, మనవడు దాన్నే పెళ్లి పత్రిక మీద బ్రాకెట్లో అచ్చు వేయించుకుంటాడు. ఆటల్లోనూ అచ్చం ఇంతే. మీరు అడిగిన ‘ఆర్మీ’తోనే మొదలుపెడతాను.

క్రికెట్‌లో ఆర్మీ పేర్లకు పెద్దన్న ఇంగ్లండ్ వాళ్ల ‘బార్మీ ఆర్మీ’. 1994-95లో ఇంగ్లండ్ జట్టు యాషెస్ ఆడడానికి ఆస్ట్రేలియా వెళ్లింది. గెలుస్తుందని ఎవరికీ ఆశ లేదు. అయినా ఆ దేశపు కుర్రాళ్లు కొన్ని వందల మంది జట్టు వెంట ఊరూరా తిరిగారు. ఎండలో మాడుతూ, బీరు తాగుతూ, ఇటు వికెట్లు టపటపా పడుతున్నా అటు పాట ఆపకుండా. ఓడిపోతామని తెలిసి ఇంత దూరం డబ్బు పోసి వచ్చిన వీళ్లకు మతి ఉందా అని ఆస్ట్రేలియా పత్రికలు పెట్టిన పేరు అది. బార్మీ అంటే తలతిక్క. బీరు పులిసేటప్పుడు పైకి పొంగే నురుగు పేరు ‘బార్మ్’. బుర్రలో నురుగు తప్ప మరేమీ లేనివాడు బార్మీ. (ఆ కుర్రాళ్ల చేతుల్లోని గ్లాసులు చూస్తే పేరు రెండు విధాలా కుదిరిందనాలి.) వాళ్లు దానికి కోపగించుకోలేదు. అడిలైడ్‌లో ఆ పేరుతో టీషర్టులు అచ్చు వేయించుకుని తొడుక్కున్నారు. ఆ సిరీస్‌లో ఇంగ్లండ్ గెలిచిన ఒకే ఒక్క టెస్టు కూడా అడిలైడ్‌దే. సిరీస్ 3-1తో పోయింది, పేరు మాత్రం మిగిలిపోయింది. తర్వాత దానికి ట్రేడ్‌మార్కు వచ్చింది, సంస్థ అయింది, టూర్ ప్యాకేజీలు అమ్మే దాకా వెళ్లింది.

1999 ప్రపంచ కప్ ఇంగ్లండ్‌లో జరిగినప్పుడు అక్కడి మనవాళ్లు ‘భారత్ ఆర్మీ’ మొదలుపెట్టారు. ఆ రెండో మాట ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. ఇక ఐపీఎల్ వచ్చాక ప్రతి రంగుకూ ఒక ఆర్మీ. ఇక్కడే నాకు అసలు పేచీ. బార్మీ పక్కన ఆర్మీ ఎందుకు పడింది? ప్రాస కోసం, నవ్వు కోసం. బీరు గ్లాసులు పట్టుకున్న తిక్క కుర్రాళ్లను సైన్యం అనడమే అందులోని చమత్కారం. ఆరెంజ్ పక్కన చేరేసరికి ప్రాస పోయింది, నవ్వు పోయింది, ఉత్త సైన్యం మిగిలింది. హాస్యోక్తిని హాస్యం తీసేసి దిగుమతి చేసుకున్నట్టయింది. మీకు ఎక్కడ గుచ్చుకుంటోందో నాకు తెలియదు కానీ, నాకు గుచ్చుకున్నది ఇక్కడ.

తిట్టు పేర్ల విషయంలో మాత్రం ఎవరైనా లాటిన్ అమెరికా వాళ్ల తర్వాతే. అర్జెంటీనాలో రివర్ ప్లేట్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులను ‘కోడిపెట్టలు’ అంటారు. 1966 మే నెలలో చిలీ రాజధాని శాంటియాగోలో దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద టోర్నీ కోపా లిబర్టడోరెస్ ఫైనల్ జరిగింది. ఉరుగ్వే క్లబ్బు పెన్యారోల్ మీద రివర్ 2-0తో ముందుండి, అదనపు సమయం ముగిసేసరికి 4-2తో ఓడింది. స్వదేశానికి వచ్చి బాన్‌ఫీల్డ్ జట్టుతో ఆడుతుంటే ప్రత్యర్థి అభిమానులు ఒక కోడికి రివర్ జెర్సీ మీద ఉండేలాంటి ఎర్రపట్టీ వేసి మైదానంలోకి విసిరారు. గుండె ధైర్యం లేని పెట్టలు అని అర్థం. ఆ మాట అన్నవాడి చొక్కా పట్టుకోవడం ఒక తరం పని. కోడి బొమ్మను జెండా మీద వేసుకుని ఊపడం తర్వాతి తరం పని. 2018 డిసెంబరులో అదే టోర్నీ ఫైనల్‌ను అల్లర్ల కారణంగా ఏకంగా మాడ్రిడ్‌కు మార్చినప్పుడు, అక్కడ బద్ధశత్రువు బోకా జూనియర్స్‌ను రివర్ 3-1తో ఓడించింది. ఆ దెబ్బకు కోడికి విషం పూర్తిగా విరిగిపోయింది. చిత్రమేమిటంటే రివర్‌కు ‘కోటీశ్వరులు’ అనే దర్జా పేరు కూడా ఉంది, 1930ల తొలినాళ్లలో భారీ ధర పెట్టి ఆటగాళ్లను కొన్నందుకు వచ్చింది. అదీ వాడతారు. కానీ నా దృష్టిలో కోడి పెట్టిన చోట ఉన్న ఆప్యాయత కోటి పెట్టిన చోట లేదు.

బోకా వాళ్ల పేరు ‘బోస్టెరోస్’, అంటే లద్దె ఎత్తేవాళ్లు. ఆ పేటలో ఇటుకల బట్టీ ఉండేదని, అందులో గుర్రపు లద్దె వాడేవారని చెబుతారు. అదే దేశంలో రొసారియో నగరపు రెండు జట్లలో ఒకటి ‘కుష్ఠురోగులు’, రెండోది ‘దుర్మార్గులు’. కుష్ఠురోగుల సహాయార్థం మ్యాచ్ ఆడదామంటే న్యూయెల్స్ ఒప్పుకుందట, సెంట్రల్ కాదందట. ఒప్పుకున్నందుకు ఒకరికి, ఒప్పుకోనందుకు ఇంకొకరికి పేర్లు అంటుకున్నాయి. ఇద్దరూ వాటినే పాడుకుంటారు. మంచిపని చేసినవాడికీ తిట్టే, చేయనివాడికీ తిట్టే. ఊరి న్యాయం ఎక్కడైనా ఒకటేలా ఉంది.

బ్రెజిల్ కథ కాస్త బరువైనది. రియో నగరపు ఫ్లమెంగో అభిమానుల్లో నల్లవారు, పేదలు చాలా ఎక్కువ. ప్రత్యర్థులు వాళ్లను ‘ఉరుబు’ అనేవారు, అంటే రాబందు. ఒంటి రంగును ఉద్దేశించి అన్న మాట. 1969లో మరకానా స్టేడియంలో బొటాఫొగోతో మ్యాచ్ ఉంది. ఫ్లమెంగో అభిమానులు ఒక నిజమైన రాబందును పట్టుకొచ్చి, కాళ్లకు తమ జెండా కట్టి, గ్యాలరీ నుంచి వదిలారు. అది రెక్కలు కొట్టుకుంటూ మైదానంలో వాలింది. జనం ఒక్కసారిగా ‘ఉరుబు, ఉరుబు’ అని అరిచారు. ఆ మ్యాచ్ ఫ్లమెంగో 2-1తో గెలిచింది. నిన్నటిదాకా ఎదుటివాడి నోట్లో ఉన్న మాట ఆ పూటతో తమ జెండా కట్టుకుని ఎగిరింది. సావొ పాలోలో పల్మేరాస్ వాళ్లు ఇదే పని ఆలస్యంగా చేశారు. ‘పంది’ అనే తిట్టును ఏళ్లపాటు భరించి, 1986లో తామే ఆ పేరుతో అరవడం మొదలుపెట్టారు. వాళ్లే అరిచాక ఎదుటి గ్యాలరీకి అరవడానికి ఏమీ మిగలలేదు.

బార్సిలోనా అభిమానులను ‘కులేస్’ అంటారు. మర్యాదస్తుల ఇళ్లకు వెళ్లే పత్రికలో అర్థం చెప్పలేక ఎప్పుడూ ఆ మాటను అలాగే వేశాం. ఇక్కడ చెబితే ఫరవాలేదనుకుంటాను. 1922 వరకు వాళ్లు ఆడిన పాత మైదానం చిన్నది. చోటు చాలక జనం ప్రహరీ గోడ మీద వరుసగా కూర్చునేవారు. వీధిలో నడిచేవారికి ఆ అభిమానుల ముఖాలు కాక వెనుక భాగాలే కనిపించేవి. పేరు వాటిదే.

అమెరికా సంగతి మా ఇంటి నుంచే చెబుతాను. మా మేనల్లుడు విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో ఉంటాడు. వెళ్లిన ఏడాది చలికాలంలో ఒక ఫోటో పంపాడు. నెత్తి మీద పసుపుపచ్చని పెద్ద ముక్కోణం, దాని నిండా చిల్లులు. మా అక్క ఫోటో చూసి కంగారుపడి, ‘‘వీడికేమైందిరా తమ్ముడూ’’ అని నాకు ఫోను చేసింది. అది జున్నుముక్క ఆకారపు టోపీ. (మన జున్ను కాదు, చీజ్.) విస్కాన్సిన్ పాడి రాష్ట్రం. పక్కనున్న ఇల్లినాయి వాళ్లు, ముఖ్యంగా షికాగో వాళ్లు, వీళ్లను ‘చీజ్‌హెడ్స్’ అని ఎగతాళి చేసేవారు. 1987లో రాల్ఫ్ బ్రూనో అనే ఆయన తల్లి సోఫాలోని స్పాంజిని జున్నుముక్కలా కోసి, నెత్తిన పెట్టుకుని షికాగో జట్టుతో బేస్‌బాల్ మ్యాచ్‌కు వెళ్లాడు. ఇప్పుడు ఆ రాష్ట్రపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ అభిమానులకు అది కిరీటం. 2023లో ఆ టోపీల కంపెనీని ప్యాకర్స్ జట్టే కొనేసింది. మా మేనల్లుడికి ఆ ఆట నియమాలు ఈనాటికీ సగమే తెలుసు. టోపీ మాత్రం ఇంట్లో మూడు ఉన్నాయి. పరాయి ఊళ్లో మొదటి చలికాలం గడుపుతున్నవాడికి ‘వీడు మావాడు’ అనిపించుకోవడానికి వంద డాలర్ల జాకెట్టు కన్నా ఆ స్పాంజి ముక్క ఎక్కువ పనికొచ్చిందని తర్వాత చెప్పాడు.

ఇంతవరకు చదివి, తిట్టు పేరయితే చాలు అంతా శుభమే అనుకోకండి. లండన్‌లో టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అభిమానుల్లో యూదులు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. ప్రత్యర్థులు యూదులను కించపరిచే ఒక మాటతో వాళ్లను పిలిచేవారు. అంతటితో ఆగకుండా, నాజీల గ్యాస్ గదులను గుర్తుచేసేలా బుసకొట్టేవారు. అప్పుడు యూదులూ, యూదులు కానివాళ్లూ కలిసి ఆ మాటను తమ పేరుగా తీసుకున్నారు: ‘మమ్మల్ని అంటే అందరినీ అన్నట్టే’ అని. ఎంత గొప్ప పని అనిపిస్తుంది కదా. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఒక చిక్కు వచ్చింది. వేల గొంతులు కలిసి ఆ మాట అరుస్తుంటే, యూదు కాని అభిమానికి అది జట్టు పేరు. వెనక వరుసలో కూర్చున్న యూదు ముసలాయనకు అది ఆయన తండ్రిని తరిమిన మాట. 2019లో క్లబ్బు అభిమానులను సంప్రదించింది. ఇరవై మూడు వేల మందికి పైగా స్పందించారు. 2022 ఫిబ్రవరిలో ఇక ఆ మాటను వదిలి ముందుకు సాగుదామని క్లబ్బు కోరింది. కొందరు మానేశారు, కొందరు ఇది మా గుర్తింపు, మీరెవరు చెప్పడానికి అన్నారు. ఆ మాటను నేను ఇక్కడ రాయకపోవడం చూసే ఉంటారు. డెస్కులోనూ రాయలేదు. తిట్టును తొడుక్కునే హక్కు ఎవరిని తిట్టారో వాళ్లది. పక్కవాడు ఎంత ప్రేమతో తొడుక్కున్నా అది అరువు చొక్కానే అని నా అభిప్రాయం. ఇందులో మీరు నాతో విభేదించవచ్చు, మా డెస్కులోనే చాలామంది విభేదించారు.

పేరు అదే ఉండి అర్థం తిరగబడిన సందర్భం కూడా ఒకటి ఉంది. స్కాట్లండ్ ఫుట్‌బాల్ అభిమానుల ‘టార్టన్ ఆర్మీ’. 1977లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించిన రోజున మైదానంలోకి దూసుకొచ్చి, పచ్చిక పెకలించుకుని, గోలుపోస్టు విరగ్గొట్టి వెళ్లారు. అప్పట్లో ఆ పేరు వింటే ఊరివాళ్లు దుకాణాలు మూసుకునేంత పని. తర్వాత ఇంగ్లండ్ అభిమానుల అల్లర్లు ప్రపంచమంతా పాకినప్పుడు, ‘మేం వాళ్లలాంటివాళ్లం కాదు’ అని చూపించుకోవాలన్న పంతం స్కాట్లండ్ వాళ్లకు పట్టింది. గళ్ల లంగాలు కట్టుకుని, పాడుతూ, ఓడినా నవ్వుతూ తిరగడం అలవాటు చేసుకున్నారు. 1992 యూరో టోర్నీలో వాళ్ల ప్రవర్తనకు బహుమతి కూడా దక్కింది. మార్చుకున్నది పేరును కాదు, నడతను.

మన దేశానికి వద్దాం. ఇలాంటి పేర్ల పాత కాపులు కోల్‌కతా వాళ్లు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇంట్లో ఇలీష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఇలీష్ అంటే మరేదో కాదు, గోదావరికి ఎదురీదితే మనం పులస అనేదే. పుస్తెలమ్మైనా పులస తినాలనే మనవాళ్లకు ఆ ఉత్సాహం ఇట్టే అర్థమవుతుంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లను కోల్‌కతా వాళ్లు ‘బాంగాల్’ అనేవారు. నాజూకు తెలియని పల్లెటూరి బైతు అని అందులో ధ్వని. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు, దేశ విభజన తర్వాత ఇల్లూ పొలమూ వదిలి వచ్చినవాళ్లకు కోల్‌కతాలో దొరికిన సొంత ఊరయింది. ‘అవును, బాంగాల్‌నే’ అని స్టేడియంలో అరవడం వాళ్లకు పొట్టచేత పట్టుకుని వచ్చిన రోజులకు జవాబు.

ఆ ఊళ్లోనే మరో ఉదాహరణ మీ కేసుకు దగ్గరగా ఉంది. 1889 నాటి మోహన్ బగాన్‌ను 2020లో ఏటీకే క్లబ్బుతో కలిపి ‘ఏటీకే మోహన్ బగాన్’ చేశారు. 1911లో దాదాపు జట్టంతా బూట్లు లేకుండా ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ తెచ్చిన క్లబ్బు అది. ఆ పేరు ముందు మూడక్షరాలు అతికించేసరికి అభిమానులు భగ్గుమన్నారు. జట్టు గెలుస్తున్నా శాంతించలేదు. ఆ మూడక్షరాలు తీసేయండి అని బ్యానర్లు, ఊరేగింపులు. 2023 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన రాత్రే యజమాని ఏటీకే తీసేస్తున్నట్టు ప్రకటించారు, ‘మోహన్ బగాన్ సూపర్ జెయింట్’ అయింది. చివర్న మరో తోక వచ్చింది కదా అంటారా? నిజమే. ముందు తీసేయించారు, అది చాలు అనుకున్నవాళ్లే ఎక్కువ.

అభిమానులే పెట్టుకున్న పేర్లు దక్షిణాదిలో ఫుట్‌బాల్ చుట్టూ ఉన్నాయి. కేరళ బ్లాస్టర్స్ వాళ్లది ‘మంజప్పడ’. పసుపు సేన అని అర్థం, అంటే లెక్కకు మన ఆరెంజ్ ఆర్మీ లాంటిదే. కానీ మలయాళంలో ఆ మాట నోరారా పలుకుతుంది, మనం పడిన నారింజ కష్టాలు వాళ్లకు లేవు. బెంగళూరు వాళ్లు స్టేడియంలో తాము కూర్చునే దిక్కునే పేరు చేసుకుని ‘వెస్ట్ బ్లాక్ బ్లూస్’ అయ్యారు. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ‘దక్కన్ లీజియన్’ ఉండేది. ఉండేది అని రాయవలసి రావడమే బాధ. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు గెలిచిన జట్టు, తర్వాత డబ్బు ఇబ్బందుల్లో కూరుకుపోయింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. పేరు నచ్చని బాధ మీది. పేరు మిగిలి జట్టు లేని బాధ ఎలా ఉంటుందో గచ్చిబౌలి గ్యాలరీలో డోలు కొట్టిన ఆ కుర్రాళ్లను అడగాలి.

ఇక ఉప్పల్. నేను హబ్సిగూడలో ఉంటాను, మ్యాచ్ రోజున హోరు మా డాబా మీదికి వినిపిస్తుంది. 2024 ఏప్రిల్‌లో చెన్నైతో మ్యాచ్‌కు నేనూ వెళ్లాను. మన ఊరు, మన జట్టు, కుర్చీ కుర్చీకీ ఉచితంగా పెట్టిన నారింజ జెండా. చుట్టూ చూస్తే స్టాండ్లలో పసుపు చొక్కాలకు కొదవ లేదు. ధోనీ బ్యాటు పట్టుకుని దిగినప్పుడు లేచిన కేక ఆ సాయంత్రం మన బ్యాటర్లలో ఎవరికీ రాలేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక చేత్తో నారింజ జెండా, ఇంకో చేత్తో పసుపు జెండా ఊపుతున్నారు. ‘‘ఏ పక్షమండీ?’’ అని అడిగితే, ‘‘టికెట్టు నాది, పక్షం మా మనవడిది’’ అన్నారు. మ్యాచ్ మనమే గెలిచాం. కానీ ఇదేం ఆర్మీ, సగం మంది శత్రు యూనిఫారంలో ఉన్నారు కదా అని నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను.

నా నవ్వు ఆగింది ఆ ఏడాది మే 27 ఉదయాన. ముందు రోజు రాత్రి చెన్నైలో ఫైనల్. సీజనంతా 277, 287 అని రికార్డులు బద్దలు కొట్టిన జట్టు కోల్‌కతా మీద 113కే కుప్పకూలింది. పదకొండో ఓవర్లోనే కథ ముగిసింది. పొద్దున్నే పాలకు వెళితే, బూత్‌లో పనిచేసే కుర్రాడు నారింజ జెర్సీలోనే ఉన్నాడు. రాత్రి అదే వేసుకుని పడుకున్నట్టు ముడతలు. వీపు మీద అచ్చు వేయించిన ‘ఆర్మీ’లో ఒక అక్షరం ఊడిపోయింది. ‘‘ఇంకా తీయలేదేమయ్యా?’’ అన్నాను. ‘‘గెలిచి ఉంటే ఉతకడానికి వేసేవాణ్ని సార్. ఇప్పుడు తీస్తే పారిపోయినట్టు ఉంటుంది’’ అని చిల్లర చేతిలో పెట్టాడు.

1995లో అడిలైడ్ టీషర్టుల కుర్రాళ్ల గురించి నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మా వీధి చివరన అదే కుర్రాడు పాల ప్యాకెట్లు అమ్ముతుంటే పదకొండేళ్లు గుర్తుపట్టలేదు. ఆ పేరు పెట్టినప్పుడు అది ఖాళీ డబ్బా, అందులో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ 2016 మే 29న బెంగళూరులో కోహ్లీ జట్టును ఎనిమిది పరుగులతో ఓడించిన రాత్రి అందులో కొంత పడింది. 2021లో పద్నాలుగు మ్యాచ్‌లకు మూడే గెలిచి, వార్నర్‌ను పక్కన పెట్టి, అట్టడుగున నిలిచినప్పుడు ఇంకా ఎక్కువ పడింది. 113 రాత్రి మరికొంత. మీ అబ్బాయికీ ఆ జట్టుకూ ఇంచుమించు ఒకే వయసు. డెక్కన్ చార్జర్స్ వాడికి మీరు చెప్పే కథ, అంతే. ఆరెంజ్ ఆర్మీ ఒకరు పెట్టిన పేరని మీకు తెలుసు కాబట్టి మీకు అతుకు కనిపిస్తుంది. వాడు కళ్లు తెరిచేసరికే అది ఉంది. ఇంటిపేరు ఎవరు పెట్టారని మనం అడిగామా?

మార్చుకోవచ్చా అన్నారు. ఆ ప్రయత్నం మేము చేసి చూశాం. పేరు తెలుగులో ఉండాలన్న పట్టుదలతో మా పేజీలో పాఠకులకు పోటీ పెట్టాం. ఉత్తరాలు సంచీ నిండా వచ్చాయి. ‘గోల్కొండ ఫిరంగులు’, ‘ముత్యాల మూక’, ‘బిర్యానీ బృందం’ (ఇది ఒక్కటే పదిహేడు మంది పంపారు), ‘ఉప్పల్ ఉప్పెన’. చివరిది నాకు ఈనాటికీ ఇష్టం. ప్రాస ఉంది, ఊరి పేరు ఉంది, అరవడానికి బాగుంటుంది. వారం రోజులు శీర్షికల్లో వాడాం. ఆ తర్వాతి మ్యాచ్‌లో గ్యాలరీ అంతా తిరిగి చెవులు రిక్కించాను. ఒక్క గొంతు అనలేదు. పేపరులో పుట్టిన పేరు మర్నాడు పేపరుతో పాటే పాత కాగితాల వాడికి పోయింది. అందుచేత కమిటీ వేయకండి, సంతకాలు సేకరించకండి. నచ్చకపోతే మీరు వాడకండి, ‘హైదరాబాద్’ అని అరవండి, ఎవరూ వద్దనరు. రేపెప్పుడో బెంగళూరు వాళ్లో చెన్నై వాళ్లో మనల్ని కసిదీరా ఏదైనా మాట అంటే, అది మనవాళ్ల నోటికి అంటుకుంటే, ఆరెంజ్ ఆర్మీ దానంతటదే మూలకు పోతుంది. అంతవరకు ఇదే.

బ్యానరు వాడినే రాసుకోనివ్వండి. ఒక షరతు మాత్రం పెట్టండి, తెలుగు అక్షరాల్లో రాయాలని. ఇంగ్లిషు బ్యానర్లు వంద ఉంటాయి, కెమెరా తెలుగు బ్యానరు మీద ఆగుతుంది. పాత దుప్పటి అయితే మేలు, కాగితం అట్ట మొదటి ఇన్నింగ్స్‌కే నలిగిపోతుంది. ‘ర్మీ’ దగ్గర పైన గుడిదీర్ఘానికీ, కింద మవత్తుకూ జానెడు చోటు ముందే వదలమనండి. ఫ్లెక్సీలు రాసే అనుభవజ్ఞులు కూడా అక్కడే ఇరుక్కుంటారు. కర్రలు కట్టకండి, గేటు దగ్గర తీసేస్తారు. రెండో వైపు ఖాళీగా ఉంటుంది కదా, దాని మీద ‘2009 నుంచి’ అని మీరు రాసుకోండి. రంగు ఇటు నుంచి అటు ఊరకుండా రెండు గుడ్డలు వీపుకు వీపు పెట్టి కుట్టించండి. మా వీధి టైలరయితే ఆ పనికి వంద రూపాయలు తీసుకుంటాడు.